మా సార్ రాసిన నాలుగో పేజీ

మా సార్ పోయారన్న కబురు నాకు కంపెనీ గేటు దగ్గర తెలిసింది. పొద్దున డ్యూటీకి వచ్చి స్కూటీ దిగుతుంటే వాచ్‌మన్ ఎదురొచ్చాడు. "మేడమ్, మన సార్ పోయిండు. చాయ తాగుకుంట తాగుకుంటనే గుండె పట్టేసిందంట. దవాఖాన దాంక గూడ ఆగలే" అన్నాడు. సర్వరు గది తాళంచెవి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. ముందుగా వచ్చింది కోపం. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మా సార్ గురించి రాయడానికి నా దగ్గర మంచి తప్ప ఇంకేమీ లేదు. కానీ బతికి ఉన్న ఇంకొకడి గురించి కూడా రాయాలి. ఆ మనిషికి ఇందులో 'గారు' పెట్టను, ముందే చెప్తున్నాను.

మాది మెదక్ ఊరి బయట ఉన్న ఒక విత్తనాల కంపెనీ. చుట్టుపక్కల మండలాల రైతుల చేత విత్తనం పండించి, శుభ్రం చేసి, సంచుల్లో నింపి పంపుతాం. ఏ సంచిలోది ఏ రైతు చేనులో పండింది, మొలక ఎంత వచ్చింది, ఏ గోదాములో ఉంది, ఇదంతా ఒక యూనిక్స్ సర్వరులో ఉంటుంది. ఆ వివరాలు పోతే, రేపు రేగోడ్‌లో ఒక రైతు వేసిన విత్తనం మొలవకపోతే, ఎవరి గల్లా పట్టుకోవాలో కూడా తెలియదు. దేశంలో తలుపులు తెరిచి కొత్త కంపెనీలు, కొత్త మిషన్లు వస్తున్న రోజుల్లో ఆ సర్వరు మెదక్‌కు వచ్చింది. దాన్ని చూసుకోవడానికి మా సార్ వచ్చారు. నేను శివ్వంపేట నుంచి వచ్చిన డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కునే నన్ను ఆ సర్వరు ముందు కూర్చోబెట్టి మనిషిని చేసింది ఆయనే.

డిజాస్టర్ రికవరీ ప్లాను అని హెడ్డాఫీసు వాళ్లు ఒక లావుపాటి ఫైలు పంపారు. సార్ దాన్ని ఒక్కసారి చదివి అల్మారాలో పెట్టేసి, గీతల రిజిస్టరు ఒకటి కొనుక్కొచ్చారు. అందులో నాలుగే పేజీలు రాశారు. మొదటి పేజీ, కరెంటు పోతే. రెండోది, డిస్కు పోతే. మూడోది, గది పోతే. నాలుగోది, నేను పోతే. ప్రతి పేజీలో ఏం చేయాలో వరసగా, చదువు తక్కువ ఉన్నవాళ్లకు కూడా అర్థమయ్యేటట్టు, గుండ్రటి అక్షరాల్లో రాశారు. "ఇల్లు అంటుకున్నంక బాయి తవ్వుతనంటే ఎట్ల? నీళ్లు ఏడున్నయో ముందుగాల్నే రాసుకోవాలె" అనేవారు.

ప్రతి శనివారం మధ్యాహ్నం ఆయనకు ఒక పరీక్ష ఉండేది. సర్వరులోని వివరాలకు టేపు మీద నకలు, అంటే బ్యాకప్, తీయడం అందరూ చేస్తారు. ఆ టేపులోంచి మళ్లీ బయటికి తీసి చూడడం, దాన్నే రిస్టోర్ అంటారు, ఎవరూ చేయరు. సార్ అదే చేసేవారు. మొదటి శనివారం నన్ను కూర్చోబెట్టి, "ఇయ్యాల డిస్కు పోయింది" అన్నారు.

"పోలేదు కద సార్, మంచిగనే నడుస్తుంది."

"పోయిందనుకో. ఏం జేస్తవ్?"

"మీకు ఫోన్ చేస్త."

"నేను లేను. పోయిన."

"అట్ల అనకుండ్రి సార్."

"మిషన్‌కు గవన్ని తెల్వయమ్మా. పేజీ తియ్యి."

పేజీ తీశాను. ఒక్కొక్క కమాండు కొట్టాను. టేపు గిర్రున తిరిగి, తెర మీద ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటీ వచ్చాయి. సార్ కళ్లద్దాల మీద నోటితో ఆవిరి ఊది, చొక్కా అంచుతో తుడుచుకుని, ఒక్కొక్క పేరూ పైకి చదివారు. హాజరు పిలిచే పంతులులా ఉన్నారు. ఒక్క పేరు తప్పిపోయినా ఆయనకు ఆ రోజు అన్నం సయించదు.

మంచిగా ఉందని తేలిన టేపు ఆ సాయంత్రమే పాపన్నపేట వెళ్లేది. అక్కడ సార్ వాళ్ల అక్క ఉంటారు, నేను పెద్దమ్మా అంటాను. సర్వరు ఉన్న ఊళ్లోనే టేపు కూడా ఉంటే, ఊరికేమైనా అయితే రెండూ పోతాయి కదా. అందుకని ఆ ఇంట్లో ఒక స్టీలు డబ్బా, అందులో అడుగున బియ్యం మూట, ఆ మూట మీద టేపులు. బియ్యం తేమ పీల్చుకుంటుందని ఆయన నమ్మకం. బస్సు కండక్టరు ఏడిపించేవాడు, "ఏం సార్, అక్కకు పాటల క్యాసెట్లా?" అని. "అవు, మస్తు పాటలున్నయి. నీకు మాత్రం వినవడయి" అనేవారు సార్. పెద్దమ్మ నాతో ఒకసారి అన్నది, "తమ్మి ఏం పెట్టిపోతడో నాకు తెల్వది బిడ్డా. ఇంట్ల బియ్యం అయిపోయిన దినం గూడ ఆ డబ్బల బియ్యం ముట్టలే." మా కంపెనీలో అంత నమ్మకమైన ఉద్యోగి ఇంకొకరు లేరు.

ఇప్పుడు మేనేజరు సంగతి. వాడు పరాయివాడేమీ కాదు, మన మెదక్ మనిషే, భూములున్న ఇంట్లోంచి వచ్చినవాడు. అందుకే కడుపు ఎక్కువ మండుతుంది.

రెండేళ్ల కింద ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు బస్సులు లేవు, ఆటోలు అంతంత మాత్రం. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కాబట్టి కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మాది ప్రైవేటు కంపెనీ, పని ఆగలేదు. సార్ డ్యూటీ అయ్యాక చౌరస్తాలో దీక్షా శిబిరానికి వెళ్లి గంటసేపు కూర్చునేవారు. నినాదాలు ఇచ్చే రకం కాదు, ఊరికే కూర్చునేవారు. శనివారం టేపు మాత్రం మానలేదు. వాచ్‌మన్ సైకిలు అడిగి తీసుకుని పాపన్నపేట తొక్కేవారు. యాభై దాటిన మనిషి.

ఆ సమ్మెలోనే దసరా వచ్చింది. మా దగ్గర దసరాకు మిషన్లన్నిటికీ పూజ చేస్తారు. ఆ ఏడు మేనేజరు పూజ పళ్లెంతో సర్వరు గదిలోకి కూడా వచ్చాడు. సార్ తలుపు దగ్గర నిలబడి మెల్లగా అన్నారు, "పువ్వు పెట్టుండ్రి సార్. బొట్టు ముందట బీరువాకు పెట్టుండ్రి. టేపు డ్రైవు మూతి కాడ మాత్రం వద్దు, పొడి లోపటికి పోతది."

"అమ్మవారికి గూడ నీ పర్మిషన్ గావాల్నా?" అని నవ్వాడు మేనేజరు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నేను కూడా నవ్వాను, అదీ రాయాలి. వాడు గుప్పిట్లో ఇంత కుంకుమ తీసుకుని, టేపు పెట్టే సందు మీదనే మెత్తాడు. సార్ జేబు రుమాలు తీశారు.

"ఏయ్, పండుగ పూట పెట్టిన బొట్టు తుడుస్తవా? అశుభం. తుడవద్దు. అదే రాలిపోవాలె" అన్నాడు.

సార్ రుమాలు మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఆ రుమాలు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

శనివారం పరీక్షలో డ్రైవు విప్పి శుభ్రం చేద్దామనుకున్నారు. ఆ శనివారమే మేనేజరు పరీక్ష ఆపించాడు. కరెంటు లేక జనరేటరు నడుస్తోంది, డీజిలు దండగ అన్నాడు. "బ్యాకప్ అయిందని తెర మీద వస్తున్నది గద, మల్ల పరీక్ష దేనికయ్యా?" అన్నాడు. సర్వరు గది తాళంచెవి కూడా తన దగ్గరే పెట్టుకుని, టేపు మార్చేంతసేపే తెరిచేవాడు. రోజూ సాయంత్రం టేపు తిరిగేది, అయిందని తెర మీద వచ్చేది. లోపల టేపు మీద రాసే ముక్కకు కుంకుమ పట్టి, ఏమీ రాయడం లేదన్న సంగతి ఎవరికీ తెలియలేదు.

దసరా అయిన మూడో వారంలో ఒకరోజు పొద్దున కరెంటు మూడుసార్లు వచ్చి పోయింది. మూడోసారి డిస్కు లేవలేదు. సార్ టేపు పెట్టారు. ఖాళీ. ముందురోజుది పెట్టారు. ఖాళీ. దసరా నుంచి తీసిన టేపులన్నీ అంతే. డ్రైవు మూత విప్పి చూపించారు, లోపలంతా ఎర్రగా ఉంది.

మేనేజరు అరుపులు గోదాము దాకా వినిపించాయి. "సమ్మె టెంట్ల కూసున్నోనికి కంపెనీ మీద ఏం ప్రేముంటది? కావాలెనని చేసినవ్. పోలీసోళ్లకు రాసిస్త."

సార్ రిజిస్టరు తీసి రెండో పేజీ తెరిచి, నాతో "నువ్వు అల్మారల స్పేర్ డిస్కు, స్పేర్ డ్రైవు తీసి పెట్టు. నేను పాపన్నపేట పోయొస్త" అన్నారు. మళ్లీ వాచ్‌మన్ సైకిలే. మధ్యాహ్నానికి చొక్కా మొత్తం తడిసి వచ్చారు. తువ్వాల్లో చుట్టిన టేపు, దాని పక్కన పెద్దమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె. దసరాకు ముందు శనివారం పరీక్ష చేసి దాచిన టేపు అది. పెట్టాం. గిర్రున తిరిగింది. పేర్లు వచ్చాయి. సార్ ఒక్కొక్కటీ పైకి చదివారు. దసరా తర్వాత వివరాలు మేము ఆపరేటర్లం కాగితాలు చూసి మళ్లీ కొట్టాం. మూడో రోజుకు సర్వరు ముందటిలా నడిచింది. ఆ రొట్టె సగం నాకిచ్చారు, సగం తాను తిన్నారు.

చేసినవాడు ఒకడు, మోసినవాడు ఒకడు. కుంకుమ సంగతి సార్ చెప్పబోతే మేనేజరు చెవులు మూసుకున్నాడు. "అమ్మవారి కుంకుమ మీద నింద పెడ్తున్నవా? పాపం తగుల్తది" అన్నాడు. ఆ డ్రైవును స్క్రాపులో వేయమన్నాడు. హెడ్డాఫీసుకు రిపోర్టు రాశాడు: సర్వరు అడ్మినిస్ట్రేటరు అశ్రద్ధ వల్ల బ్యాకప్‌లు పాడయ్యాయి, అతని మనసు ఉద్యోగంలో లేదు, తాను పట్టుబట్టి మూడు రోజుల్లో సర్వరును లేపించాడు. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నాడు. నాకు ఉద్యోగం కావాలి. పెట్టాను. ఈ రెండేళ్లు నేను మేనేజరును తిట్టుకున్న ప్రతిసారీ ఆ తిట్టులో కొంత నాకే వచ్చి తగిలింది.

హెడ్డాఫీసు మేనేజరుకు ఒక షీల్డు ఇచ్చింది. వాడి గదిలో గాజు బీరువాలో ఇప్పటికీ మెరుస్తూ ఉంది. సార్‌ను గేటుకు మార్చారు. పదిహేనేళ్లు యూనిక్స్ చూసిన మనిషి లారీల నంబర్లు రాసుకుంటూ వాచ్‌మన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. గేటుకు వెళ్లే రోజు రిజిస్టరు నా చేతిలో పెట్టారు. సంతకం గురించి ఒప్పుకుని ఏడ్చాను. "మంచి పనే చేసినవమ్మా. సర్వరు కాడ తెలిసినోళ్లు ఒకరుండాలె గద" అన్నారు. ఆ మాట చెంపదెబ్బ కన్నా ఎక్కువ నొప్పెట్టింది.

"మీరు ఊకుంటే ఎట్ల సార్? పైకి రాయుండ్రి" అని చాలాసార్లు పోరాను.

"రిస్టోర్ చేసేటప్పుడు తొందరపడొద్దు. ఉన్నది గూడ పోతది" అనేవారు. ఒకసారి మాత్రం, చాయ గ్లాసు చేతిలో తిప్పుతూ, "నాది గూడ తప్పుందమ్మా. వాళ్లు జమ్మి చెట్టు కాడికి పూజకు పోయినంక తుడిచెయ్యొచ్చు. బొట్టు గద అని నా చెయ్యి గూడ రాలే" అన్నారు. ఆ తప్పును ఆయన రెండేళ్లు గేటు దగ్గర కూర్చుని మోశారు. పెట్టినవాడు మాత్రం ఏసీ గదిలో కూర్చున్నాడు.

అందుకే ఆ పొద్దున వాచ్‌మన్ చెప్పగానే నాకు ఏడుపు రాలేదు. సర్వరు గదిలోకి వెళ్లి రిజిస్టరు తీశాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ తెరవని నాలుగో పేజీ తెరిచాను. నేను పోతే.

"మొదలు నిన్నటి బ్యాకప్ మంచిగ అయిందా చూడు. చూసినంకనే మా ఇంటికి రా" అని మొదటి వాక్యం. చూశాను. టేపు పెట్టి, పేర్లన్నీ పైకి చదివి, ఆయన ఎప్పుడూ చదివినట్టే చదివి, అప్పుడు వెళ్లాను. పేజీ కింద వేరే రంగు సిరాతో, గేటుకు వెళ్లాక ఒకసారి రిజిస్టరు అడిగి తీసుకున్నప్పుడు చేర్చినట్టుంది, ఒక వాక్యం ఉంది: "అక్క దగ్గర కింది డబ్బ గూడ నీదే."

అంత్యక్రియలయ్యాక నాలుగో రోజు పాపన్నపేట వెళ్లాను. పెద్దమ్మ ఏమీ అడగకుండా మంచం కింద నుంచి రెండో డబ్బా లాగింది. "గిది పెట్టిన్నాడు తమ్మి ఒక్కటే మాటన్నడు బిడ్డా. అక్కా, నేనున్నన్ని దినాలు గిది అడుగ. నేను పోయినంక ఆ పిల్ల వస్తది, ఇయ్యి అన్నడు."

మూత తీశాను. అడుగున బియ్యం మూట. దాని మీద పాత ధోవతి ముక్కలో చుట్టి, ఆ టేపు డ్రైవు. మూత విప్పి ఉంది, లోపల ఎరుపు అట్లాగే ఉంది. పైన ఒక చీటీ అంటించారు, ఆ గుండ్రటి అక్షరాలే: "దసరా నాడు మేనేజర్ సార్ పెట్టిన బొట్టు. తుడవద్దు."

స్క్రాపులో పోయిన వస్తువు ఇక్కడికెట్లా వచ్చిందో వాచ్‌మన్ చెప్పాడు. స్క్రాపు బండి బయటికి వెళ్లాల్సింది ఆ గేటులోంచే. గేటు దగ్గర కూర్చోబెట్టింది ఎవరిని? సార్ బండి ఆపి, రసీదు చూసి, ఒక్క వస్తువు పక్కకు తీసుకుని బండిని వదిలారట. నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నాం అందరం. ఆయన తన పేరుకు కూడా ఒక బ్యాకప్ తీసి ఇంకో ఊళ్లో దాచుకున్నారు. చదివి వినిపించే పని నాకు వదిలారు.

పదకొండో రోజు దినం. సార్ ఇంటి ముందు వీధిలో టెంటు వేశారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద సార్ ఫోటో పెట్టారు. నేను పొద్దునే వెళ్లి, సార్ భార్యను, పెద్దమ్మను అడిగి, ఫోటో పక్కన ఆ డ్రైవు పెట్టాను. మూత తెరిచే ఉంచాను, చీటీ అందరికీ కనబడేటట్టు తిప్పాను. అడిగినవాళ్లకు అదేమిటో ఒక్కొక్కరికీ చెప్పాను. హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు, వాళ్లకు కూడా చెప్పాను. "రిపోర్టు కింద సాక్షి సంతకం నాది. అది అబద్ధం సార్. నా కండ్ల ముందటనే పెట్టిండు" అన్నాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. రాష్ట్రం వస్తుందని ఊరంతా సంబరంగా ఉన్న రోజులవి, నాకు మాత్రం ఈ ఒక్కటే కావాలి.

మేనేజరు మధ్యాహ్నం వచ్చాడు. మెడలో ఉద్యమ కండువా! అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్నట్టు, రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి వాడు ఆ కండువా తీయడం లేదు. ఆ శిబిరంలో కూర్చున్నందుకే కదా మా సార్‌ను దొంగను చేశాడు. టెంటు మధ్యలో నిలబడి గొంతు పెంచాడు, "మంచి మనిషి. నా చెయ్యి కింద తయారైండు. సమ్మెల సర్వరు కూలితే ఇద్దరం గలిసి మూడు దినాలల్ల లేపినం."

వాడు బల్ల దగ్గరికి వచ్చి, పళ్లెంలో ఉంగరపు వేలు కుంకుమలో ముంచి, ఫోటోకు పెట్టబోయాడు. అప్పుడు పక్కన ఉన్నది చూశాడు. చీటీ చదివాడు. వేలు గాల్లోనే ఆగిపోయింది.

"గిదేంది?" అన్నాడు, నా వైపు తిరిగి.

"మీరు పెట్టిన బొట్టే సార్. మీరన్నట్టే ఎవ్వరు తుడవలే."

టెంటులో అందరూ వాడి వేలు వైపే చూస్తున్నారు. హెడ్డాఫీసు వాళ్లు కూడా. నాకు జాలి రాలేదు, దాచుకోవలసిన అవసరమూ లేదు. గుండెల్లో రెండేళ్ల మంట చల్లబడింది. వాడు పెట్టలేక, వెనక్కి తీసుకోలేక అట్లాగే నిలబడ్డాడు. వేలి మీది కుంకుమ పొడిపొడిగా రాలి ఫోటో ముందు తెల్లగుడ్డ మీద పడింది. ఎవరో తుడవబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వాడు వెళ్లిపోయాక ఆమె ఆ గుడ్డను నాలుగు మడతలు వేసి, ఎరుపు లోపలికి వచ్చేటట్టు మడిచి, బియ్యం డబ్బాలో పెట్టుకుని పాపన్నపేట తీసుకుపోయింది.